మరీ శుభ్రమైన గ్రాఫ్

రహస్య లైన్‌ను పరీక్షించే ల్యాబ్ పెద్దాయనను ఉదయం తొమ్మిదింటికి లిఫ్టులో చంపేశారు. సైలెన్సర్, ఒకే బుల్లెట్. పదింటికల్లా ఏజెంట్ గోరింక టెక్నీషియన్ వేషంలో ఆ పెద్దాయన కుర్చీలోనే కూర్చున్నాడు.

ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు. "పదకొండుకి ఆ ఫైబర్ లైన్‌లో లిస్ట్ వెళ్తుంది. శత్రువుల మధ్య ఉన్న మన నలభైమంది అడ్రసులు, మీ తమ్ముడిది కూడా. అందగానే రెస్క్యూ టీమ్ కదుల్తుంది."

"లైన్ మీద అనుమానం ఉంటే?"

"ఆపు. కొరియర్‌తో పంపుతాం, రెండు రోజులు పడుతుంది. ఈలోపు ఎందరు మిగుల్తారో తెలీదు. ఊరికే భయపడి మాత్రం ఆపకు."

ఆ లైన్‌లో కాంతి ఒక్కో ఫోటానుగా, అంటే ఒక్కో రేణువుగా పోతుంది. దారిలో ఎవడైనా కాజేస్తే లెక్క తప్పి దొరికిపోతాడు. ఆ కాంతిని పుట్టించే సోర్సు జతలుగా వదిలితే మాత్రం ఒకటి కొట్టేసినా పత్తా ఉండదు. అందుకే ముందుగా కాంతిని రెండు డిటెక్టర్లకు చీల్చి చూస్తారు. రెండూ ఒకే క్షణంలో క్లిక్‌మనకపోతే గ్రాఫ్ నడుమ గొయ్యి పడుతుంది. గొయ్యి ఎంత లోతైతే సోర్సు అంత మంచిది.

"సున్నాదాకా దిగింది, చూశావా?" అంది సెంటు మేడమ్. ఆవిడే సోర్సు చేసిన సైంటిస్టు. అందగత్తె, వస్తే గదంతా అత్తరే. "ఓకే కొట్టెయ్."

గోరింక పెద్దాయన ఫైలు తిరగేశాడు. మూడేళ్లలో ఒక్క గ్రాఫూ సున్నాను తాకలేదు. చిమ్మచీకట్లో పెట్టినా డిటెక్టర్లు ఉత్తపుణ్యానికి క్లిక్‌మంటాయి, ఆ చెత్త అడుగున ఉండితీరాలి. టైము పదీ యాభైతొమ్మిది. డిటెక్టర్ కేబుల్ పీకేశాడు.

అయినా తెరమీద గ్రాఫ్ హాయిగా పెరుగుతూనే ఉంది. అది నకిలీది.

"పెద్దాయనకీ ఇదే అనుమానం వచ్చింది," అంది మేడమ్. ఆమె చేతిలో చిన్న పిస్టల్. "కేబుల్ పెట్టెయ్ బాబూ."

గోరింక వంగి, కేబుల్ వదిలేసి కట్టర్‌తో ఫైబర్‌నే తెగ్గొట్టాడు. గుండు భుజంలో దిగింది. గడియారం పదకొండు కొట్టేసరికి, మోత విని దూసుకొచ్చిన గార్డులు మేడమ్‌ని నేలకు అదిమి పట్టారు. లిస్ట్ కదల్లేదు.

"కొరియర్ బయల్దేరాడు," అన్నాడు చీఫ్. "మీ తమ్ముడు రెండు రోజులు ఆగగలడా?"

గోరింక భుజం అదిమిపట్టుకుని గోడకు చేరగిలబడ్డాడు.

"చిన్నప్పుడు దాగుడుమూతల్లో వాడు భోజనం వేళదాకా ఎవరికీ దొరికేవాడు కాదు సార్. ఈసారి వెధవ కాస్త ఆకలికి ఓర్చుకోవాలి."