నమితి క్యాంపస్ వ్యాన్ ఏమైంది?

"నన్ను దొంగంటున్నారు మేడమ్! సోమవారంలోగా వ్యాన్ అప్పగించకపోతే కాలేజీ నుంచి తీసేస్తారట."

జింజా పట్టణంలోని డిటెక్టివ్ హెలెన్ ఆచాన్ ఆఫీసులో ఆ అమ్మాయి కూర్చోకుండానే చెప్పుకుపోతోంది. పేరు నబ్విరె. సరస్సు ఒడ్డున ఉన్న నమితి క్యాంపస్‌కి విద్యార్థి ప్రతినిధి.

"విద్యార్థి సంఘం రుసుము కట్టకపోతే పరీక్ష రాయనివ్వరు. ఆ డబ్బంతా కంపాలాలోని పెద్ద క్యాంపస్‌కే పోతుంది. పోయినేడు మలేరియా వచ్చినమ్మాయిని మోటార్‌సైకిల్ మీద ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే పోయింది. అప్పుడు గొడవపడితే ఈ వ్యానిచ్చారు. శనివారం పొద్దున చూస్తే షెడ్డు ఖాళీ. రుసుము వద్దంటున్నాను కదా, సంఘం పరువు తీయడానికి నేనే దాచానట!"

"తాళంచెవులు?"

"ఒకటి నాది. ఇంకోటి సంఘం అధ్యక్షుడు కటురేబె దగ్గరుంది. శుక్రవారం మధ్యాహ్నం వచ్చి, రుసుము ఎందుకు కట్టాలో మాకు ఉపన్యాసం దంచి వెళ్ళాడు."

ఆచాన్ తన సహాయకుడు ఇసబిర్యెతో వెంటనే నమితికి బయలుదేరింది.

షెడ్డు ముందు ఎర్రమట్టి ఎండి గట్టిపడింది. దాని మీద చెప్పుల జాడలే తప్ప టైరు గుర్తు ఒక్కటీ లేదు.

"వాన ఎప్పుడు పడింది?" ఆచాన్ అడిగింది.

"శుక్రవారం సాయంత్రమమ్మా, అధ్యక్షుడి మీటింగయ్యాక," అన్నాడు ముసలి కాపలాదారు ఒఫ్వోనో. "రాత్రంతా నేను కన్ను మూయలేదు, ఒట్టు!"

"మీటింగప్పుడు గేటు దగ్గరెవరున్నారు?"

"ఎవరూ లేరు. నన్నూ వచ్చి కూర్చోమన్నాడు అధ్యక్షుడు. తర్వాత నేనే గేటు తీశా. కారు తనే నడుపుకుంటూ పోయాడు."

"వచ్చేటప్పుడు డ్రైవరున్నాడా?" ఇసబిర్యె అడ్డొచ్చాడు.

"ఉన్నాడు!" వంటామె వంటింట్లోంచే కేకేసింది. "వాడి కోసం తీసిపెట్టిన చేప, అరటికాయ ముద్ద అలాగే ఉండిపోయాయి. ఎంత పొగరో!"

ఆచాన్ మొదటిసారి నవ్వింది.

సోమవారం కంపాలాలో సంఘం ప్రతినిధులందరి ముందు ఆమె లేచింది.

"వ్యాన్ రాత్రి పోయిందని మీరంతా అనుకున్నారు. వాన తర్వాత కదిలుంటే బురదలో టైర్ల జాడ పడేది. అంటే వానకి ముందే, అందరూ మీటింగులో ఉన్నప్పుడు పోయింది. రెండో తాళంచెవి అధ్యక్షుడిది. భోంచేయకుండా మాయమైంది ఆయన డ్రైవరు. వ్యాన్ ఎక్కడ, కటురేబె?"

అతను తల కూడా దించలేదు.

"ఇక్కడే ఉంది. సంఘం ఎన్నికల ప్రచారానికి కావాల్సొచ్చింది. ఇక్కడ వేలమంది ఉన్నాం, అక్కడ గుప్పెడుమంది."

"మరి ఈ పిల్ల మీద దొంగతనం ఎందుకు మోపావు?"

"సరే, అది వెనక్కి తీసుకుంటున్నాం. కానీ వ్యాన్ సంఘానిది. ఎక్కడుండాలో ఓటేద్దాం. కంపాలాలోనే ఉండాలనేవాళ్ళు?"

హాలంతా చేతులు లేచాయి.

"నమితికి పంపాలనేవాళ్ళు?"

నబ్విరె చెయ్యి ఒక్కటే లేచింది.

మెట్లు దిగుతూ ఇసబిర్యె, "ఎంత బాగా పట్టేశారు మేడమ్!" అన్నాడు.

"నోర్మూసుకో!" అంది ఆచాన్. "దొంగని పట్టుకున్నాను. సొమ్ము వాడికే రాసిచ్చారు." తర్వాత నబ్విరె వైపు తిరిగింది. "ఇప్పుడేం చేస్తావమ్మా?"

"ఈసారి మేమెవరం రుసుము కట్టం."

"పరీక్ష పోతుందే."

"పోనీండి మేడమ్. ఓట్లలో ఎలాగూ మేం కనబడం. పరీక్ష హాలు మొత్తం ఖాళీగా ఉంటే, ఎవరో ఒకరు ఎందుకని అడక్క చస్తారా?"