గేటు దగ్గరి మాట

నలుగురు దిగిపోయారు. రత్నమాల గొళ్ళెం దించి, గేటు ముందు చెదిరిన, యంత్రాలు నేసిన నేతమంచును పారతో సరిచేసింది. లంబసింగి వాలు మీద పరిచిన శీతపందిరి పొద్దున్నుంచీ గుర్రుమంటూనే ఉంది. బయట ఎండ మాడ్చేస్తోంది. పందిరి కింద మాత్రం ముక్కులు ఎర్రబడుతున్నాయి. ఆడవాళ్ళ స్కీ పందేల సీజన్‌లో ఇదే ఆఖరి దిగుడు.

గేటు కమ్మీ మీద దేహసాక్షి యంత్రం పచ్చగా వెలిగితే గొళ్ళెం ఎత్తాలి, ఎర్రగా వెలిగితే ఎత్తకూడదు. రత్నమాల ఉద్యోగం ఇంతే. ఎవరి కీలు ఎంత బరువు మోస్తుందో దేహసాక్షి చెబుతుంది. అది చెప్పాక పోటీదారు సొంతమాట చెల్లదు. చట్టం ఎందుకో గొళ్ళెం దగ్గర ఒక మనిషి చెయ్యి ఉంచింది. అందుకే తోటివాళ్ళు ఆమెను పూజారమ్మా అని ఆటపట్టిస్తారు. దేవుడు వరమిచ్చాక కాదనే ధైర్యం లేని పూజారమ్మట.

ఐదో నంబరు ఈశ్వరి వచ్చింది. రెండో పందెంలో గెంతు దగ్గర కుడికాలు మడతపడింది ఈ పిల్లకే. అప్పట్నుంచి మెట్లు దిగాలంటే గోడ పట్టుకుంటోంది.

"మోకాలు ఎలగుంది?"

"ఏటి చెప్పమంటావక్కా? కుంపట్లో పెట్టినట్టుంది. పందెం పెద్దలకి చెప్పాను. పచ్చగానే ఉంది కదా అన్నారు."

"పోనీ మానీకూడదేటి?"

"పచ్చ మీద మానేస్తే అకారణ విరమణంట. ఇంక పందేల్లోకి రానివ్వరు."

కమ్మీ పచ్చగా వెలిగింది. ఈశ్వరి కర్రలు నాటింది. గేటు దాటేముందు పోటీదారు ఎవరైనా సరే ఒక మాట అనాలి. సిద్ధమన్నట్టు యంత్రానికి అదే గుర్తు. ఈ కొండ పిల్లలు ఇల్లు కదిలేటప్పుడు అనే మాటే ఇక్కడా అంటారు, వెళ్ళొస్తా అని. వట్టి 'వెళ్తున్నా' అశుభమని తల్లులు చిన్నప్పుడే మాన్పించేస్తారు.

ఈశ్వరి వాలు వైపే చూస్తూ అంది, "వెళ్తున్నానక్కా."

యంత్రం గంట కొట్టింది. దానికి రెండూ ఒకటే.  రత్నమాలకి నిజంగా భయమేసింది. గొళ్ళెం ఎత్తలేదు.

"ఆపిన కారణం చెప్పండి," అంది కమ్మీలోని గొంతు. "గాలా? మంచా? గేటా?"

"పిల్ల వస్తానన్లేదు."

"అలాంటి కారణం లేదు."

"మాకుంది."

ఈశ్వరి గబుక్కున వెనక్కి తిరిగింది. "నా పేరు కొట్టేస్తారక్కా!"

"నువ్వాగలేదు. నేనాపాను. కొడితే నా పేరు కొట్టుకోమను. ఇలగొచ్చి కూకో."

ఈశ్వరి కర్రలు పీక్కుని పారపక్కన కూలబడింది. గట్టిగానే ఏడ్చింది. ఎన్నాళ్ళుగా దాచుకుందో మరి.

గొంతు ఆరో నంబరుని పిలిచింది. కాసులమ్మ. ఏ నొప్పీ లేదు. ఈశ్వరి తప్పుకున్నాక, క్షేమంగా దిగితే చాలు, సీజన్ కప్పు ఆమెదే. కమ్మీ నిండుపచ్చగా వెలిగింది. కాసులమ్మ కర్రలు నాటి, ఒక్కసారి ఈశ్వరి మోకాలి వైపు చూసింది. తర్వాత రత్నమాల కళ్ళలోకి చూసింది.

"వెళ్తున్నా," అంది, వెనక వరసంతటికీ వినబడేలా.

గంట మోగింది. రత్నమాల గొళ్ళెం ఎత్తకుండానే వదిలేసి, చలికి రెండు చేతులూ చంకల్లో పెట్టుకుంది.