నూట ఎనభై ఎక్కువ

"చదువు," అంది తను, నా ఫోన్‌ని నా ముక్కుకి జానెడు దూరంలో పట్టుకుని. "పై లైను నుంచి. గట్టిగా."

కళ్ళజోళ్ళ షాపులో చూపు పరీక్షించే పిల్లని ప్రేమిస్తే ఇదే గతి. రోజూ పదిమంది చేత అక్షరాలు చదివించే గొంతు అది. కోపమొస్తే ఇంకా మర్యాదగా మారుతుంది. అప్పుడే భయపడాలి.

ఆ పొద్దున చెప్పాపెట్టకుండా, ఆరు గంటలు బస్సులో కూర్చుని మా ఊరొచ్చింది. నేను పనిచేసే లిఫ్టుల సర్వీసు ఆఫీసు ముందు నవ్వుతూ నిలబడి, "మా షాపువాళ్ళు నన్ను మీ ఊరి బ్రాంచికి పంపిస్తామన్నారు. బుధవారం లోపు జవాబు చెప్పాలి," అంది. నేను ఎగిరి గంతేశాను. తనని క్యాంటీన్‌లో కూర్చోబెట్టి, చేతులకున్న గ్రీజు కడుక్కోవడానికి వెళ్ళాను. ఫోన్ బల్ల మీదే వదిలేశాను. బుద్ధి తక్కువై.

"చదువుతావా, అద్దాలు కావాలా?"

"స్నేహితులతో బీచ్ ట్రిప్. లిమిట్ ఎనిమిది వేలు."

"కింద లైను."

"ఆఫీసువాళ్ళతో కొండల మీదికి. లిమిట్ ఆరు వేలు."

"ఇంకా కింద."

అక్కడ తన ఊరి పేరుంది. "లిమిట్ ఏడొందలు," అన్నాను.

అది టికెట్ల ధరలు కనిపెట్టే ఏఐ యాప్. ఏ ప్రయాణానికి ఎంత మించకూడదో మనం చెప్తే చాలు. రోజంతా ధరలు చూస్తూ, 'ఆగండి, తగ్గుతుంది' అనో, 'ఇప్పుడే కొనండి' అనో చెప్తుంది. లిమిట్ దాటితే మాత్రం కొనదు.

"అవి విమానాలు! నీ దగ్గరికొచ్చేది బస్సు!" నాకూ ఒళ్ళు మండింది. "నెలనెలా వచ్చేవాడు అంతకంటే ఎంత పెడతాడు? అయినా నా ఫోన్ ఎందుకు చూశావు?"

"నేను చూడలేదు, అదే పలకరించింది. 'ధర పెరిగింది, ఈ నెల కూడా ప్రయాణం మానేయమంటారా?' అంది. ఇదివరకు ఎప్పుడు మానేశావా అని అప్పుడు చూశాను." పాత మెసేజ్ ఒకటి తీసింది. "ఇది చదువు. పోయిన నెల రెండో శనివారం."

నేను మొహం పక్కకి తిప్పుకున్నాను. తనే చదివింది. "'మీ లిమిట్ కంటే నూట ఎనభై ఎక్కువ. వచ్చే వారం తగ్గుతుంది, ఆగండి.' ఆ రోజు మా నాన్నకి కంటి ఆపరేషన్. నాకేం చెప్పావు?"

"లిఫ్ట్ ఆగిపోయిందని..."

"మొత్తం చెప్పు."

"లోపల నలుగురు ఇరుక్కున్నారని."

"అందులో ఒక ముసలావిడ కూడా ఉందన్నావు! మా నాన్న కంటికి కట్టుతో పడుకుని, 'ఆ పెద్దావిడ బయటికొచ్చిందా అమ్మా?' అని గంటకోసారి అడిగాడు!"

క్యాంటీన్‌లో అందరూ గ్లాసులు దించి మా వైపు తిరిగారు.

"ఆ యాప్ ఆగమంది కాబట్టి..."

"దాని మీదికి నెట్టకు. నువ్వు చెప్పిందే అది చేసింది. అబద్ధం దానిది కాదు, నీది."

బ్యాగు భుజానికి తగిలించుకుని విసవిసా వెళ్ళిపోయింది.

ముందు తన మీద కోపమొచ్చింది. తర్వాత ఫోన్ మీద. వీధి చివరికి వచ్చేసరికి ఆ కోపం ఇంకెక్కడా చోటు దొరకక నా నెత్తినే కూర్చుంది. డబ్బు లేక మానలేదు నేను. తక్కువకి కొట్టేశావని ఆ ఫోన్ మెచ్చుకుంటుంటే నాకు బాగుండేది, అంతే. దానికోసం ఆసుపత్రి వరండాలో తనని ఒంటరిగా కూర్చోబెట్టాను. నన్ను నేనే చెంప పగలగొట్టుకోవాలనిపించింది.

బస్టాండులో తను ఎక్కిన బస్సు కదులుతుంటే, పరిగెత్తి నేనూ ఎక్కాను.

"సీట్లు లేవు, నిలబడాలి. టికెట్ మాత్రం ఫుల్లే," అన్నాడు కండక్టర్.

"ఇవ్వండి."

బయట ఒకటే వాన. కిటికీ అద్దంలోంచి చెట్టూ చేమా ఏదీ కనబడటం లేదు. అయినా తను రెండు గంటలు దాన్నే చూసింది.

"కాళ్ళు నొప్పి పుడుతున్నాయా?" అంది చివరికి.

"పుడుతున్నాయి."

"పుట్టనీ."

ఇంకో గంట గడిచింది. "రావాలని లేక కాదు. ధర మీద గెలవాలని పట్టుదల పట్టాను. ఆ గెలుపు ముందు నువ్వు గుర్తు రాలేదు. తప్పు నాదే," అన్నాను. చుట్టుపక్కలవాళ్ళు వింటున్నారని తెలిసినా గట్టిగానే అన్నాను.

"నాతో కాదు, మా నాన్నతో చెప్పు. లిఫ్టులో జనాన్ని కాపాడావని ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు. బుధవారం మాట నువ్వు నోరు విప్పాక ఆలోచిస్తా."

వాళ్ళ నాన్న దర్జీ. మేం వెళ్ళేసరికి సాయంత్రమైంది, ఆయన మిషను ముందు ఉన్నాడు. "రావయ్యా, రా!" అన్నాడు మిషను తొక్కుతూనే.

"ఆ రోజు లిఫ్ట్ ఏదీ ఆగలేదండీ. బస్సు టికెట్ నూట ఎనభై ఎక్కువని నేనే రాలేదు."

మిషను చప్పుడు ఆగింది.

"మరి ఆ పెద్దావిడ?"

"లేదండీ."

"మిగతావాళ్ళు?"

"ఎవరూ లేరండీ."

"నా కన్ను సంగతి పక్కనబెట్టి, ఊపిరాడక ఆవిడేమైపోతుందోనని ఏడ్చానురా!" అని అరిచాడు. "కట్టు తడిసిందని నర్సు నన్ను తిట్టింది!"

"నాన్నా, నిజం చెప్పాడుగా..." అంది తను. పొద్దున్నుంచీ నా తరఫున పడిన మొదటి మాట అది.

"నువ్వుండమ్మా. వీణ్ణి తిట్టడం ఒక్కరోజులో అయ్యే పని కాదు. మంగళవారం నా రెండో కంటికి ఆపరేషన్. ఒరేయ్, అప్పటిదాకా ఇక్కడే పడుండు, తీరిగ్గా తిడతా."

ఉన్నాను. ఆయన మాట మీద నిలబడే మనిషి, పూటపూటా తిట్టాడు. తిట్టి, "అన్నం తిన్నావా?" అని అడిగాడు.

మంగళవారం ఆయన్ని లోపలికి తీసుకెళ్ళారు. వరండాలో బల్ల మీద తన పక్కన కూర్చున్నాను. ఉన్నట్టుండి తను ఫోన్ తీసి షాపుకి చేసింది.

"సార్, ఆ బ్రాంచికి వెళ్తాను. అవును సార్, ఆలోచించుకునే చెప్తున్నా."

ఫోన్ పెట్టేసి కూడా నా మొహం చూడలేదు. నా చెయ్యి మాత్రం లాగి పట్టుకుంది. ఇంకా కోపంగానే ఉంది, వేళ్ళు నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుంది. లోపల ఆపరేషన్ అయిపోయిందని నర్సు వచ్చి చెప్పేదాకా వదల్లేదు.