గేటు దగ్గర పండ్ల వాసన

కొత్తపేటలో పండ్ల మార్కెట్టు ఎత్తేసిన ఏడాది, ఆ ఖాళీ గేటు ముందు రాత్రిపూట బండి ఆపకూడదనేవాళ్ళు. అక్కడ పండ్లమ్మిన ముత్తమ్మ, నిండు గంప నెత్తికెత్తుకోబోయి ఆ గేటు దగ్గరే కూలి చనిపోయిందట. "జర ఎత్తుండ్రి" అని ఎంత పిలిచినా ఒక్కరూ చెయ్యి వెయ్యలేదట. ఇప్పటికీ అక్కడే నిలబడుతుందని... ముందు మాగిన పండ్ల వాసన వస్తుందని... ఆ వాసన తగిలిన బండి ఇక కదలదని...

అల్మాస్‌గూడ తిరుపతి ఇదంతా విని నవ్వేవాడు. పాత వ్యాను నడుపుకునే మనిషి. భార్య స్వప్నకు నెలలు నిండాయి. కాన్పు దిల్‌సుఖ్‌నగర్ దవాఖానలో. ఆ గేటు ముందు నుంచే పోవాలి.

ఒక రాత్రి ఎల్బీనగర్ ట్రాఫిక్కులో గంటసేపు నలిగి గేటు దగ్గరికి వచ్చాడు.

వాసన.

తియ్యగా... ముక్కు పట్టేసేలా... నెలల తరబడి పండు ముఖం చూడని చోట!

బుస్సుమంది. అద్దం ముందు తెల్లగా ఏదో లేచింది — నెత్తిన గంపతో ఆడమనిషి నిలబడ్డట్టే. ఇంజను ఆగిపోయింది. తిరుపతి దిగి పరుగే పరుగు.

తెల్లారి మెకానిక్ చక్రపాణి, చల్లారిన రేడియేటరు మూత తీసి చూశాడు. లోపల చిక్కటి గంజి.

"ఏం పోశావయ్యా ఇందులో?"

"మొదలు ఆకుపచ్చ కూలెంటు పోసిన అన్నా. తగ్గితే, మా బామ్మర్ది కారుల మిగిలిన ఎర్రది పోసిన. మల్ల తగ్గితే బోరు నీళ్ళు."

ఇంజన్ని చల్లబరిచే నీళ్ళట అవి. వాటికీ రంగులున్నాయట, చూడండి!

"సాంబార్లో పాయసం కలిపావు కదయ్యా! ఒకదానికొకటి పడక గడ్డకట్టి దారులు మూసుకుపోయాయి. వేడెక్కి పైపు పగిలింది. కాగిన కూలెంటు తియ్యటి వాసనే వేస్తుంది. నీ ముత్తమ్మ ఆ ఆవిరే!"

తిరుపతి తల గోక్కున్నాడు. "మరి ఏ రంగు మంచిదన్నా?"

"రంగు చూసి కాదు, బండితో ఇచ్చిన పుస్తకంలో ఏది రాశారో అదే పొయ్యాలి. పాత బండి ముసలాళ్ళ లాంటిది. అలవాటైన తిండే పెట్టాలి."

పాతదంతా వంచేసి, తేట నీళ్ళు వచ్చేదాకా కడిగి, పైపు మార్చి, ఒకే రకం నింపాడు.

నాలుగో రాత్రి స్వప్నకు నొప్పులు మొదలయ్యాయి. వెనక సీట్లో తల్లి కౌసల్యమ్మ కోడలి తల ఒళ్ళో పెట్టుకుంది. రోడ్డంతా ఖాళీ. గేటు వచ్చింది...

వాసన.

తిరుపతి చప్పున మీటరు చూశాడు. వేడి చూపే ముల్లు నడిమధ్యనే ఉంది. ఆవిరి లేదు, బుస లేదు. మరి ఇదేం వాసన? ఆపితే స్వప్న ఏమవుతుందో. వెనక్కి చూడలేదు, బండి ఆపలేదు. ఇంజను కిక్కురుమనకుండా దవాఖాన మెట్ల దాకా తీసుకుపోయింది.

ఆడపిల్ల పుట్టింది.

తెల్లవారుజామున స్వప్న గుసగుసగా అడిగింది. "వ్యాన్ల నా కాళ్ళ దిక్కు కూసున్న అవ్వ ఎవలు?"

"అమ్మ గదనే..."

"అత్తమ్మ తలకాడ ఉండె. గామె చేతులకు మామిడి సొనంటి నల్లగున్నయి. దిగేటప్పుడు నా నడుం కింద రెండు చేతులేసి లేపింది."

తిరుపతి మంచం మీదికి వంగాడు. "ఏమన్న... అన్నదా?"

"అన్నది. 'నన్నెవ్వలు ఎత్తలే బిడ్డా... నిన్ను నేనెత్తుత, లే' అన్నది."