పదో నంబరు సూది

పాలు పొంగేలోపే అత్తగారు కుర్చీల వేటలో పడింది.

“పై ఇంటావిడ నాలుగిస్తానంది. కిరాణా కొట్టాయన దగ్గర ప్లాస్టిక్‌వి ఉన్నాయి. అయినా చాలవే అమ్మాయ్! పిల్లల్ని చాప మీద కూర్చోబెడదాంలే.”

పొయ్యి దగ్గర నిలబడ్డ కోడలు “ఊఁ” అంది. చూపు పాలగిన్నె మీదే ఉంది గానీ మనసు అక్కడ లేదు. ఆ సాయంత్రం టీవీలో క్విజ్ పోటీ ఫైనలు. అందులో కనబడబోయేది తనే. ఆ ఫైనలు షూటింగు ఎప్పుడో అయిపోయింది. టీవీలో వచ్చేదాకా ఎవరు గెలిచారన్నది ఇంట్లోవాళ్లతో కూడా అనొద్దని మరీ మరీ చెప్పి పంపారు. తను ఓడిపోయింది. ఆ సంగతి తనకు తెలుసు, తోడు వచ్చిన భర్తకు తెలుసు. అత్తగారికి తెలియదు.

ఓడిపోవడం ఒక్కటే అయితే ఇంత గుబులు ఉండేది కాదు. చివరి ప్రశ్నకు తను ఫోన్ సాయం అడిగింది. ఫోన్ చేసింది అత్తగారికే. అత్తగారు ధీమాగా చెప్పిన ఆ జవాబే తప్పయింది.

“పాలు! పాలు పొంగుతున్నాయే!” అని అత్తగారు అరిచేసరికి నురగ పొయ్యంతా పరుచుకుంది. “ఇంకా టీవీలో కప్పు అందుకోనేలేదు, అప్పుడే కళ్లు నెత్తికెక్కాయా తల్లీ?” అని నవ్వుతూ తనే గుడ్డ తీసుకుని తుడిచింది.

కోపంగా తిట్టినా బాగుండేది. ఆ నవ్వే కోడలికి గుండెల్లో కలుక్కుమంది.

అత్తగారు ఆ వీధికి టైలరమ్మ. భర్త పోయాక ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని కొడుకుని పెంచింది. కొలతల్లో, కత్తిరింపులో ఆవిడకు తిరుగులేదు. నూలుపోగంత వంకర వచ్చినా విప్పి మళ్లీ కుట్టేది. ఆ మిషను మీద మాత్రం ఇంకొకరి చెయ్యి పడనిచ్చేది కాదు. “మిషను ఒక చేతికి అలవాటు పడిందమ్మా, చెయ్యి మారితే మొరాయిస్తుంది,” అనేది. కోడలు కాపురానికొచ్చినప్పటి నుంచీ గుండీలు, కాజాలు, అంచు మడతలు, చేత్తో చేసే పనంతా కోడలిదే.

పదో తరగతితో చదువు ఆగిపోయిన పిల్ల. అయినా కనబడిన కాగితమల్లా చదివేది. అత్తగారు కొలతలకి కత్తిరించి పెట్టుకున్న పాత పేపర్లను కూడా వదిలేది కాదు. చొక్కా చేతి వంపు దగ్గర సగం వార్త తెగిపోతే, మిగతా సగం ఏమై ఉంటుందా అని సాయంత్రం దాకా ఆలోచించేది. టీవీలో క్విజ్ వస్తే వంటింట్లోంచే జవాబులు అరిచేది. “ఇక్కడ అరిస్తే గోడలేం మార్కులు వేస్తాయే? పోయి అక్కడే చెప్పు,” అని పట్టుబట్టి పేరు ఇప్పించింది కూడా అత్తగారే. అదే ఇప్పుడు మరీ బాధ.

భర్త పనిముట్ల సంచి సర్దుకుంటూ గుమ్మం దగ్గర గుసగుసగా అన్నాడు. ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్ అతను. ఏ చిక్కొచ్చినా అతనికి ముందు వైర్లే గుర్తుకొస్తాయి.

“పోనీ సాయంత్రం కేబులు పీకేయనా? పోయిందని చెబుదాం.”

“మన ఇంట్లో పీకితే సరా? వీధంతా పీకుతారా? మీరే మెల్లిగా అత్తయ్యతో చెప్పండి.”

“నేనా? అమ్మకా? నా వల్ల కాదే బాబూ! కరెంటు తీగ పట్టుకోమను, పట్టుకుంటా,” అని సంచి భుజాన వేసుకుని జారుకున్నాడు.

మధ్యాహ్నం తన పాప నిద్రపోయాక కోడలు ధైర్యం చేసింది. “అత్తయ్యా, ఒక మాట. సాయంత్రం మరీ అంతమందిని పిలవడం...”

“ఎందుకు పిలవకూడదే? ఆఖరి జవాబు నాది కాదూ? ఓడిపోయి ఉంటే ఈపాటికి నువ్వు ఏడ్చి ఇల్లు పీకి పందిరేసేదానివి. ఇంత గుట్టుగా ఉన్నావంటేనే నాకు తెలిసిపోయిందిలే. నువ్వేం చెప్పకు, వాళ్లకిచ్చిన మాట తప్పకు.” మిషను తొక్కుతూనే కన్ను గీటింది. కోడలు కాజాల డబ్బా ముందుకి లాక్కుంది.

సాయంత్రానికి ముందు గది కిక్కిరిసిపోయింది. టీవీకి ఎదురుగా, నడిమధ్య కుర్చీలో ఇస్త్రీ చీరలో అత్తగారు. పక్కన పై ఇంటావిడ. గుమ్మానికి ఆనుకుని కిరాణా కొట్టాయన. కోడలు పాపని ఒళ్లో పెట్టుకుని వంటింటి తలుపు చాటున కూర్చుంది.

తెర మీద కోడలు కనబడగానే పిల్లలు కేకలేశారు. “అమ్మ! అమ్మ పెట్టెలో ఉంది!” అని పాప చప్పట్లు కొట్టింది. ఒక్కో జవాబూ సరైందని తేలినప్పుడల్లా కిరాణా కొట్టాయన తనే చెప్పినట్టు తలాడించాడు.

“అయ్యో అన్నయ్యగారూ, మీకు కూడా తెలుసా?” అని పై ఇంటావిడ సాగదీసింది.

“నోటిదాకా వచ్చిందమ్మా, ఈ అమ్మాయి ముందు చెప్పేసింది.”

ఆఖరి ప్రశ్న వచ్చింది. సరిగ్గా చెబితే ఛాంపియన్. తప్పితే కప్పు పక్క సీట్లో ఉన్న రైల్వే ఉద్యోగిది. యాంకర్ చదివాడు: చేతికుట్టు సూదుల్లో వీటిలో అన్నిటికన్నా సన్నది ఏ నంబరు? మూడు, ఐదు, ఏడు, పది.

గది గొల్లుమంది. “టైలరమ్మ ఇంటికొచ్చి సూది గురించా అడగడం!”

తెర మీద కోడలు ఫోన్ సాయం అడిగింది. అత్తగారి గొంతు టీవీలోంచి ఖంగుమని మోగింది. “సూదా? ఇదీ ఒక ప్రశ్నేనా! నంబరు పెరిగేకొద్దీ సూది లావవుతుంది. మూడు! కళ్లు మూసుకుని చెప్పు!” గదిలో ఈలలు వేశారు. అత్తగారు కొంగు సవరించుకుంది.

తెర మీద యాంకర్ అడిగాడు. “అత్తగారు మూడంటున్నారు. మీకేమనిపిస్తోంది?”

కోడలి ముఖం దగ్గరగా చూపించారు. పెదవి కొరుక్కుంది. “నాకు పదేమో అనిపిస్తోందండీ,” అంది సన్నగా. కాసేపాగి, “కానీ కుట్టు విషయంలో మా అత్తయ్య మాటే మాట. మూడు,” అంది.

ఎర్ర లైటు వెలిగింది. సరైన జవాబు పది.

 ముందుగా తేరుకుంది కిరాణా కొట్టాయనే. “ఏం టైలరమ్మా, నా ప్యాంటు కూడా మూడో నంబరుతోనే లాగిస్తున్నావా? అందుకేనా అది కూర్చుంటే చిరుగుతోంది!” ఎవరో కిసుక్కుమన్నారు.

“టీవీవాళ్లదే తప్పు!” అత్తగారు దిగ్గున లేచింది. మిషను సొరుగు లాగి సూదుల ప్యాకెట్టు తీసింది. “ఇదిగో, చూడండి! పదకొండు సన్నది, పద్నాలుగు లావు, పదహారు ఇంకా లావు! నాకు తెలియదా?”

“అవి మిషను సూదులు కదా వదినా. వాళ్లడిగింది చేతి సూదుల గురించి,” అంది పై ఇంటావిడ, నొప్పించకుండా.

అత్తగారు తన ప్యాకెట్టు పక్కన పెట్టింది. కోడలి కాజాల డబ్బా తెరిచి, చేతి సూదుల ప్యాకెట్టు వెలుతురుకి పెట్టి చూసింది. మూడో నంబరు గోనె కుట్టేలా ఉంది. పదో నంబరు వెంట్రుకలా ఉంది. మిషను సూదికి నంబరు పెరిగితే లావు, చేతి సూదికి సన్నం. మొదట్లో చేతికందిన సూదితో కానిచ్చేది గానీ ఆవిడ నంబరు చూసేది కాదు; కోడలు వచ్చాక ఆ అవసరమే రాలేదు. ఆ పనంతా కోడలిదాయె.

జనం ఒక్కొక్కరే లేచారు. ఖాళీ కుర్చీల మధ్య అత్తగారు నిలబడిపోయింది.

“ఇన్నాళ్లూ నన్ను వీధంతా ఊరేగనిచ్చావు,” అంది.  “ఇంటింటికీ వెళ్లి పిలిచాను. ఒక్క ముక్క చెప్పలేకపోయావా?”

“చెప్పొద్దన్నారు అత్తయ్యా, వాళ్లు...”

“నేను కాపురముంటోంది వాళ్లతోనా, నీతోనా? అది సరే. పదని తెలిసి మూడెందుకన్నావు? నన్ను నలుగురిలో నవ్వులపాలు చేయడానికేనా?”

“అమ్మా, అదేంటి...” అంటూ కొడుకు అడ్డురాబోయాడు.

“నువ్వుండరా!”

కోడలు పాపని దించి లేచి నిలబడింది. పెళ్లయిన ఇన్నేళ్లలో అత్తగారికి ఎదురు మాట్లాడిన పిల్ల కాదు. కన్నీళ్లతో పాటు మాటలూ తోసుకొచ్చాయి.

“నా వేళ్లకి తెలుసు అత్తయ్యా. నాకే నమ్మకం లేదు. ఈ ఇంట్లో కుట్టంటే మీరు. నేను గుండీలు పెట్టేదాన్ని. ఎప్పుడైనా ఆ మిషను మీద చెయ్యి వేయనిచ్చారా? నీకూ ఏదో ఒకటి తెలుసే అని ఎప్పుడన్నా అన్నారా? నేను పది అని గెలిస్తే, అందరి ముందూ మీ మాట కొట్టేసి గెలిచినట్టు కాదా? ఆ కప్పు తెచ్చి ఈ ఇంట్లో ఎక్కడ పెట్టుకోను?”

అత్తగారు చేతి సూదుల ప్యాకెట్టు డబ్బాలో పెట్టేసింది. గదిలోకెళ్లి తలుపు వేసుకుంది. భోజనానికి పిలిస్తే ఆకలి లేదంది.

మర్నాడు పొద్దున కోడలు లేచేసరికి టీవీ సన్నగా మోగుతోంది. ఫైనలు మళ్లీ వేస్తున్నారు. అత్తగారు ఒక్కతే నేల మీద, టీవీకి దగ్గరగా కూర్చుని చూస్తోంది. కోడలు అడుగు వెనక్కి వేయబోయింది.

“ఇటు రా,” అంది అత్తగారు, తల తిప్పకుండా. “నీ చెయ్యి చూడు.”

తెర మీద యాంకర్ ప్రశ్న చదువుతున్నాడు. బల్ల మీద కోడలి చెయ్యి కనబడుతోంది. బొటనవేలు చూపుడువేలి కొసని రుద్దుతూనే ఉంది, లేని సూదిని పట్టుకున్నట్టు.

“నిన్న నాకు ఇది కనబడలేదే. నా గొంతే వినుకుంటూ కూర్చున్నాను.” అత్తగారు కొంగుతో ముక్కు తుడుచుకుంది. “మీకేమనిపిస్తోంది అని అడిగాడు చూడు ఆ అబ్బాయి. ముక్కూ మొహం తెలియని పరాయివాడు. ఆ మాట ఇన్నేళ్లలో నేను ఒక్కసారీ అడగలేదు.”

కోడలు ఆవిడ పక్కన కూలబడి భుజం మీద తల వాల్చేసింది. ఇద్దరిలో ఎవరు ముందు ఏడ్చారో టీవీకే తెలియాలి.

టిఫిన్ల వేళకి కిరాణా కొట్టాయన ప్యాంటు పట్టుకొచ్చాడు, నిన్న ఎక్కువగా వాగాననుకున్నాడేమో, కాస్త బెరుగ్గా. “కుట్టు ఊడిందమ్మా. నిన్నటి మాటలు మనసులో పెట్టుకోకు. ఇదిగో, ఏ సూదైనా పరవాలేదు.”

“సూది సంగతి నన్నడక్కు బాబూ,” అంది అత్తగారు. “ఈ ఇంట్లో దాని సంగతి తెలిసింది అమ్మాయికి. అమ్మాయ్! ఇలా వచ్చి కూర్చో.”

కోడలు చాప మీద కూర్చోబోయింది.

“అక్కడ కాదే.” అత్తగారు మిషను ముందున్న స్టూలు కొంగుతో తుడిచి జరిపింది. “ఇక్కడ.”

కోడలు కూర్చుంది.  అత్తగారు వెనక నిలబడి గుడ్డ కొస పట్టుకుంది. “మెల్లిగా తొక్కు. చక్రం వెనక్కి పోనివ్వకు. గుడ్డని లాగకు, అదే పోతుంది.” మిషను ఒకసారి మొరాయించి, తర్వాత టకటకమంటూ కదిలింది.

కుట్టు సగం దాకా తిన్నగా వెళ్లి, చివర్లో పక్కకి ఒరిగింది. కోడలు గాభరాగా కాలు తీసేసింది. కత్తెర కోసం చెయ్యి చాపింది.

“వంకరపోయింది అత్తయ్యా. విప్పేస్తాను.”

నూలుపోగంత వంకరని కూడా ఎప్పుడూ వదలని టైలరమ్మ ఆ కుట్టుని వేలితో ఒకసారి నిమిరింది. కత్తెర తీసి సొరుగులో పడేసింది.

“ఉండనీవే,” అంది, గుమ్మంలో నిలబడ్డాయనకి వినబడేలా. “కిరాణా కొట్టాయన ప్యాంటేగా!”