క్లేటన్ వెళ్ళని యుద్ధం

పరాయి దేశంలో, పాసిర్ రిస్ అనే పేటలోని ఆ ఫ్లాట్‌లో ఇడ్లీలు ఇంకా ఆవిరి మీద ఉండగానే, సీతారామారావుకు అమెరికాలోని ఒక క్రీడా మ్యూజియం నుంచి ఈమెయిల్ వచ్చింది. అల్లుడు నోలన్ తాతగారు క్లేటన్ జీవితాన్ని ఆయన ఏడాదిగా తెలుగులో రాస్తున్నారు. అమెరికన్ ఫుట్‌బాల్ వృత్తిగా ఆడుతూ, 1943లో దాన్ని వదులుకుని యుద్ధానికి వెళ్ళి గాయపడిన మనిషిగా ఆయనకు క్లేటన్ తెలుసు. ఏ దళంలో పనిచేశారని ఆ మ్యూజియాన్ని అడిగితే, వచ్చిన జవాబు ఇది.

క్లేటన్ సైన్యంలో చేరలేదు. ఒక చెవి వినిపించదని తిరస్కరించారు. ఆటగాళ్ళు యుద్ధానికి వెళ్ళగా ఖాళీ అయిన జట్టులో మూడేళ్ళు ఆడారు. వాళ్ళు తిరిగి రాగానే ఆయనను తీసేశారు.

"ఉజ్వలా, ఇది నీకు తెలుసా?"

కూతురు చదివి తల వంచుకుంది. "తెలుసు నాన్నా."

"మరి సైనికుడని ఎందుకు చెప్పావు?"

"పెళ్ళికి ముందు మీరేం అడిగారు? వాళ్ళ తాత ఏం చేసేవాడని! బంతాట ఆడేవాడంటే ఊరుకునేవారా?"

"అందుకని అబద్ధమా?"

భార్య తారాదేవి వంటింట్లోంచి వచ్చింది. "దాన్నంటారేం? నేనే అలా చెప్పమన్నాను. మీరు వాకబు మొదలుపెడితే ఏ సంబంధం నిలుస్తుందండీ?"

"నీకూ తెలుసన్నమాట."

"మీకొక్కరికే తెలీదు లెండి. ఇడ్లీ చల్లారిపోతోంది, రండి."

ఆయన కదలలేదు. ప్రతి ఆదివారం రాసినంత మేరకు వీళ్ళకు చదివి వినిపించారు. క్లేటన్ గాయపడిన ఘట్టం దగ్గర భార్య కళ్ళు తుడుచుకుంది. ఆ కన్నీళ్ళు దేనికోసం?

అప్పుడే నడక నుంచి వచ్చిన నోలన్‌కు తెలుగు చదవడం రాదు, ఆదివారాలు ఆయన చదివి వినిపించేటప్పుడు ఇంట్లో ఉండేవాడూ కాదు. పుస్తకంలో ఏముందో ఉజ్వల చెబుతుంటే బూట్లు విప్పకుండానే నిలబడిపోయాడు.

"తాత వార్‌కి వెళ్ళలేదు మామయ్యగారూ. గ్రౌండ్‌లో జనం పిరికివాడు అని అరిచేవాళ్ళు. అయినా ఆడారు." తర్వాత భార్య వైపు తిరిగి ఇంగ్లీషులో మెల్లగా అడిగాడు, మా తాత నిజంగా ఎలా ఉన్నారో అలా నీకు సరిపోలేదా అని.

ఉజ్వల ఏడ్చింది.

పొద్దుటి నుంచి తాను మోసపోయానని అనుకుంటున్న సీతారామారావుకు, ఆ అబద్ధానికి చోటిచ్చింది తన ప్రశ్నేనని తెలిసింది. అయినా బాధ తగ్గలేదు.

"దాన్నడక్కు బాబూ. సరిపోనిది నాకు." "జనం అలా అరిచిన రోజు మీ తాత ఎవరికి చెప్పుకునేవారు?"

"గ్రాండ్‌మాకి. ఇంటికొచ్చి అన్నీ చెప్పేవారట."

ఆయన కూతుర్ని చూశారు.

"ఉజ్వలా, నాకు చెప్పలేనివి ఇంకా ఏమైనా ఉన్నాయా?"

"లేవు నాన్నా." వెక్కిళ్ళు ఆగలేదు. "ఉన్నాయి."

ఆయన పక్క కుర్చీ దగ్గరకు లాగారు. "కూర్చో తల్లీ. చెప్పు, వింటాను."