సత్తెమ్మ పేరున ఇల్లు

పొద్దున లేవగానే సత్తెమ్మ చేసే మొదటి పని పెరుగు గిన్నెల మూతలు తీసి చూడడం. చలికాలంలో తోడు సరిగ్గా పడదు. పడకపోతే యాకుత్‌పురా స్టేషన్ అవతలి గల్లీల్లో వాడుక ఇళ్ల వాళ్లకు మొహం చూపించలేదు. ఆ రోజు గిన్నె వంచినా పెరుగు కదల్లేదు. హమ్మయ్య అనుకుని, కొంగు నడుముకు దోపుకుని, స్టీలు క్యానులో సర్దుకోవడం మొదలెట్టింది.

బర్రెలు పోయి రెండేళ్లయింది. ఒకప్పుడు కొట్టం చుట్టూ ఖాళీ జాగాలుండేవి. ఇప్పుడు గోడకు గోడ ఆనించి ఇళ్లు లేచాయి. పేడ వాసన అని ఒకరు, దోమలని ఒకరు ఫిర్యాదులు చేసి చేసి చివరికి బర్రెల్ని అమ్మించారు. సత్తెమ్మ మాత్రం చుట్టాల డెయిరీ నుంచి పాలు తెప్పించి తోడేసి అమ్ముతూనే ఉంది. ఇంట్లో ఎవరూ ఆమెను అమ్మమనలేదు, మానమనీ అనలేదు. అసలు ఎవరూ పట్టించుకోలేదంటే సరిపోతుంది.

ఓల్డ్ సిటీకి మెట్రో వస్తోందన్న మాట పుట్టిందే తడవు, వాసనకు ముక్కు మూసుకున్నవాళ్లే కొట్టం చుట్టూ తిరగసాగారు. మూడంతస్తులు లేపుకుందామని ఒక బిల్డర్ మంచి రేటు పెట్టాడు. కుటుంబం ఇన్నాళ్లూ ఉన్నది కిరాయి ఇంట్లోనే. కొట్టం అమ్మి సొంతిల్లు కొనాలని సత్తెమ్మ మొగుడు బుచ్చయ్య, కొడుకు బబ్లూ తీర్మానించారు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో పెట్టమన్న చోటల్లా సత్తెమ్మ సంతకం పెట్టింది. కాయితాల్లో ఆ కొట్టం ఆమె పేరు మీద ఉంది మరి. గల్లీలో అందరికీ అది బుచ్చయ్య కొట్టమే.

బబ్లూ ఆగలేదు. ఔటర్ రింగు రోడ్డు దగ్గర పద్నాలుగో అంతస్తులో ఫ్లాటుకు తన పేరు మీద అడ్వాన్సు, అదే బయానా, కట్టేసి వచ్చాడు. ఆ తర్వాత గానీ టాక్స్ సంగతి గుర్తుకు రాలేదు. మలక్‌పేటలో టాక్స్ పనులు చూసే శ్రీహరిరావు గారి దగ్గరికి పోతే, ఆయన అసలు విషయం చెప్పాడు. అది విని వచ్చిన బబ్లూ, పొద్దున్నే క్యాను సర్దుకుంటున్న తల్లి ముందు కూర్చున్నాడు.

"అమ్మా, కొట్టం నీ పేరు మీద ఉండె గద. ఆ పైసలతోని కొనే ఇల్లు గూడ నీ పేరు మీదనే ఉండాల్నంట. గట్లయితెనే టాక్స్ మాఫీ. ఫ్లాటు నీ పేరు మీదికి మార్పిస్త. ఉత్త సంతకమే, నీకేం ఫికర్ లేదు."

సత్తెమ్మ మూత పెట్టబోతున్న చేయి ఆపింది. "నా పేరు మీదంటే, అది నాదేనా?"

బబ్లూ నవ్వాడు. అవతల పేపరు చదువుకుంటున్న బుచ్చయ్యా నవ్వాడు. పొయ్యి దగ్గర రొట్టెలు కాలుస్తున్న కోడలు స్వీటీ ఒక్కతే నవ్వలేదు.

"నాదైతే ఒక్కసారి చూస్త బిడ్డా," అంది సత్తెమ్మ.

ఆదివారం కారు మాట్లాడుకుని, బబ్లూ చిన్న కూతురితో సహా అందరూ ఆ ఫ్లాటు చూడడానికి పోయారు. ఫ్లాట్ల కంపెనీ ఆఫీసులో కుర్రాడొకడు చల్లటి నీళ్లిచ్చి, స్విమ్మింగ్ పూల్, జిమ్ము, పిల్లలు ఆడుకునే చోటు అన్నీ చూపించాడు. చూపించింది బబ్లూకి. ఆ తర్వాత బుచ్చయ్యకు. పైన బాల్కనీలో నిలబడి బబ్లూ గర్వంగా చేయి చాచి, ఇక్కడ రెండేళ్లలో రేటు డబల్ అవుతుందన్నాడు.

"డబల్ అయితే అమ్ముతమా?"

"ఎందుకమ్ముతమమ్మా? మనం ఉండేటిదే గద."

"మరి డబలైతే మనకేంది?"

బబ్లూ చాచిన చేయి దించేశాడు. సత్తెమ్మ ఆ కుర్రాణ్ని మరో మాట అడిగింది, పెరుగు తోడేసుకుని అమ్ముకోవచ్చా అని. ఫ్లాట్లలో వ్యాపారం కుదరదని, అసోసియేషన్ ఒప్పుకోదని అతను చాలా మర్యాదగా చెప్పాడు. ఆమె తలూపింది. తిరుగు దారిలో ఎవరు పలకరించినా మాట్లాడలేదు. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ, ఆ ఇంటికి తను సంతకం పెట్టనని చెప్పేసి లోపలికి పోయింది.

ఇక చూడాలి ఇంట్లో లొల్లి. బబ్లూ పొద్దున టిఫిన్ మానేశాడు. బుచ్చయ్య ముందు బుజ్జగించాడు, తర్వాత కసిరాడు, తర్వాత మాట్లాడడం మానేశాడు. ఉస్మాన్‌గంజ్‌లో దుకాణమున్న మరిది ఫోన్ చేసి, వదినా ఈ వయసులో నీకెందుకీ పంతం అన్నాడు. సత్తెమ్మ అందరి మాటా విన్నది. వేళకు వండింది, వడ్డించింది, పెరుగు పోసి వచ్చింది. సంతకం మాట ఎత్తితే మాత్రం తల అడ్డంగా ఊపేది. ఇంతటి మొండిదనం తనలో ఉందని ఆమెకే అంతకుముందు తెలియదు.

చివరికి శ్రీహరిరావు గారినే ఇంటికి పిలిచారు. పెద్దమనిషి చెబితే భయపడి దారికొస్తుందని తండ్రీకొడుకుల ఆలోచన. ఆయన టీ తాగి, తీరిగ్గా చెప్పాడు. "చూడండమ్మా, కొట్టం అమ్మితే వచ్చిన లాభం మీద టాక్స్ కట్టాలి. ఆ డబ్బు మొత్తం పెట్టి రెండేళ్ల లోపు ఇల్లు కొనుక్కుంటే అది మాఫీ అవుతుంది. అమ్మింది మీరు కాబట్టి కొనేదీ మీరే అయ్యుండాలి. వేరే పేర్ల మీద కొని కోర్టుల్లో వాదించినవాళ్లు లేకపోలేదు, మనకెందుకండీ ఆ తలనొప్పి."

"నేను సంతకం పెట్టకపోతే?"

"మీ చేత ఎవరూ పెట్టించలేరమ్మా."

తర్వాత కొడుకు పేరు మీదికి మార్చుకోవచ్చు కదా అని బుచ్చయ్య అందుకున్నాడు. మాఫీ నిలవాలంటే మూడేళ్ల దాకా అమ్మడం, రాసివ్వడం లాంటి ఆలోచనలే పెట్టుకోవద్దని చెప్పి ఆయన లేచాడు. వెళ్తూ వెళ్తూ సత్తెమ్మకు నమస్కారం పెట్టాడు. ఈ ఇంట్లో అలా ఆమెకు విడిగా నమస్కారం పెట్టిన మనిషి అంతకుముందు లేడు.

ఆయన గడప దాటగానే బబ్లూ గొంతు లేచింది. "నేను నా ఒక్కనికోసం కొంటున్ననా? ఇస్కూల్ల నన్ను బర్రెల బబ్లూ అన్నరు. ఒక్క దోస్తును ఇంటికి పిల్వలే. నా పిల్లలన్న మంచిగ లిఫ్టు దిగి, బస్సెక్కి పోవాల్నని నాకుండదా?"

ఆ పేరు పెట్టి పిలిచారని వాడు ఏడ్చిన సాయంత్రాలు సత్తెమ్మకు గుర్తున్నాయి. "నాకు తెల్సు బిడ్డా," అంది. "నువ్వు మంచిగ ఉండాలె. గని నా పేరు మీద కొనేటిది నన్ను అడుగకుంట కొనద్దు."

బుచ్చయ్యకు ఒళ్లు మండింది. "ఏందే, నా పేరు నా పేరంటున్నవ్? ఆ జాగ నా కష్టం. అప్పుడు దోస్తు అప్పుకు జమానత్ ఉన్న. వాడు ఎగ్గొడితే నా జాగ గుంజుకుంటరని నీ పేరు మీద రాయించిన. నీకిద్దామని గాదు."

అనేశాక నాలుక కరుచుకున్నాడు. అయిపోయింది, మాట బయటికొచ్చేసింది. స్వీటీ చేతిలో గ్లాసు పట్టుకుని తలుపు దగ్గర అలాగే నిలబడిపోయింది.

సత్తెమ్మ గొంతు పెంచలేదు. "తెల్సు. ఆ దినమే తెల్సు నాకు. నీ కష్టమన్నవు, నిజమే. తెల్లారకముందు లేసి బర్రెలకు కుడితి వెట్టింది, పాలు పిండింది, పేడ ఎత్తింది ఎవరో గూడ నీకు తెల్సు. నాకిదియ్యమని ఎన్నడన్న అడిగిన్నా?"

ఆమె మొగుడినీ కొడుకునీ మార్చి మార్చి చూసింది.

"అప్పుడు భయానికి నా పేరు. ఇప్పుడు టాక్సుకు నా పేరు. నాకోసమని నా పేరు ఎన్నడు రాస్తరు?"

ఆ మాటకు బుచ్చయ్య తల వాలిపోయింది. కట్టుకున్నదాని మొహం వైపు చూడలేక గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. బబ్లూ వచ్చి తల్లి పక్కన నేల మీద కూలబడ్డాడు. చిన్నప్పుడు దెబ్బ తగిలినప్పుడు ఎలా ఏడ్చేవాడో అలాగే ఏడ్చాడు.

"తప్పయిందమ్మా," అన్నాడు. "నువ్వే చెప్పు. ఎక్కడ కొందాం? ఎసోంటి ఇల్లు గావాలె నీకు?"

ఇన్ని రోజులు ఇంటిల్లిపాదితో పోరాడింది కదా, ఈ ప్రశ్నకు జవాబు మాత్రం సత్తెమ్మ దగ్గర లేదు. ఇలాంటి ప్రశ్న ఎవరైనా అడుగుతారని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఏ చీర కావాలని, ఏ కూర తినాలనుందని కూడా ఎవరూ అడగని మనిషి, ఏ ఇల్లు కావాలో ఎట్లా చెబుతుంది. అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. "నాకు తెల్వది బిడ్డా. జర చూసి చెప్త," అంది కొంగుతో మొహం కప్పుకుని.

చూడడమంటే నిజంగానే చూసింది. ఫ్లాటు బయానాలో కొంత కోసుకుని ఆ కంపెనీవాళ్లు మిగతాది వాపసిచ్చారు. బబ్లూ గొణుక్కున్నాడు గానీ మళ్లీ తల్లిని ఏమీ అనలేదు. మధ్యాహ్నం పెరుగు పని అయిపోగానే సత్తెమ్మ కోడలి స్కూటీ వెనక కూర్చునేది. అత్తాకోడళ్లిద్దరూ దబీర్‌పురా నుంచి యాకుత్‌పురా దాకా గల్లీ గల్లీ తిరిగారు. మెట్రో పేరు చెప్పి రేట్లు ఎంత ఎత్తున కూర్చున్నాయో అప్పుడు తెలిసింది. పెద్ద రోడ్డు మీదైతే దగ్గరికి కూడా పోలేరు. కారు తిరగని గల్లీల్లో కాస్త అందుబాటులో ఉన్నాయి. ధర బాగుందనుకుంటే కాయితాలు సరిగ్గా ఉండవు, కాయితాలు బాగుంటే వెలుతురుండదు. బ్రోకరు అంజన్ వీళ్లను చూస్తేనే దండం పెట్టే స్థితికొచ్చాడు. సత్తెమ్మకు మాత్రం మస్తు హుషారుగా ఉండేది. ఇంటికొచ్చి చూసిన ఇళ్లన్నిటి గురించి చెబుతుంటే బుచ్చయ్య పేపరు పక్కన పెట్టి వినేవాడు.

చివరికి దబీర్‌పురాలో ఒక ఇల్లు దొరికింది. పాతదే గానీ గట్టిది. ముందు గచ్చు చేసిన పెద్ద వాకిలి, దాని నిండా ఎండ. గిన్నెలు కడిగి ఆరబెట్టుకోవచ్చు, అరుగు మీద కూర్చుని పెరుగు అమ్ముకోవచ్చు. వాడుక ఇళ్లన్నీ నడిచిపోయేంత దగ్గర. సత్తెమ్మ ఆ వాకిట్లో నాలుగు వైపులా తిరిగి, ఇదే తన ఇల్లని మనసులో అనేసుకుంది. శ్రీహరిరావు గారు కాయితాలు చూసి సరే అన్నారు. బబ్లూ ఒకసారి నిట్టూర్చి, రేపు కారు కొన్నా గల్లీ మొదట్లో పెట్టుకుంటానన్నాడు. మర్నాడు సాయంత్రం అందరూ కలిసి బయానా ఇవ్వడానికి పోయారు. ఇంటి యజమాని కుర్చీలు వేయించాడు. బుచ్చయ్య జేబులోంచి కవరు తీసి, ఈసారి భార్య చేతికిచ్చాడు.

సత్తెమ్మ ఆ కవరు ఇవ్వబోతూ, మాటవరసకు పక్కకు తిరిగి అడిగింది. "ఏం స్వీటీ, నీకు నచ్చిందా ఇల్లు?"

స్వీటీ కింద పెదవి కొరుక్కుంది. అందరి వైపూ ఓసారి చూసింది.

"నచ్చలేదత్తమ్మా."

సత్తెమ్మకు చురుక్కున కోపం వచ్చింది. ఇన్ని రోజులు వెంట తిరిగి, నిన్న నోరు మూసుకుని, తీరా బయానా ఇచ్చే వేళకు ఈ మాటా అనుకుంది. ఆమె ఏదో అనేలోపే బబ్లూ అందుకున్నాడు.

"అమ్మకు నచ్చింది గద. మధ్యల నీదేంది లొల్లి?"

గొంతు బబ్లూదే. మాట మాత్రం సత్తెమ్మ కాపురానికొచ్చిన నాటి నుంచీ వింటున్నదే. అత్త నోట విన్నది, మొగుని నోట విన్నది. ఇప్పుడు తన పేరు చెప్పి తన కోడలికి వినిపిస్తున్నారు. వచ్చిన కోపం ఎటు పోయిందో తెలియదు, సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి.

"నువ్వాగురా," అంది కొడుకుతో. "ఆమెను చెప్పనియ్యి. ఏం నచ్చలేదు బిడ్డా?"

స్వీటీ మెల్లగా చెప్పింది. బాత్రూం వాకిట్లో గల్లీ వైపు చివరకుంది. పొద్దున స్నానం చేసి రావాలంటే అరుగు మీద కూర్చున్న మగవాళ్ల ముందు నుంచి, పెరుగుకొచ్చినవాళ్ల ముందు నుంచి నడవాలి. వంటింట్లో పగలు కూడా లైటు వెయ్యాల్సిందే. "రేపు పాప గూడ పెద్దదైతది అత్తమ్మా. నిన్ననే చెప్దామనుకున్న. మీకు మస్తు నచ్చిందని చెప్పలే," అంది. ఆమె చెంపల మీదికి నీళ్లు జారాయి.

ఎండ చూసింది, అరుగు చూసింది, గిన్నెల జాగా చూసింది. వంటింట్లోకి తొంగి చూసి వచ్చిందే గానీ, రోజంతా అందులో నిలబడే మనిషి సంగతి సత్తెమ్మకు తట్టనే లేదు. ఆమె కవరు తెచ్చి బుచ్చయ్య జేబులో తనే పెట్టింది. ఏమనుకోవద్దని ఇంటి యజమానికి చేతులు జోడించింది. అంజన్ తల పట్టుకున్నాడు. బబ్లూ ఏదో అనబోతే బుచ్చయ్య భుజం మీద చేయి వేసి ఆపాడు.

"నేను గూడ అడగడం నేర్సుకోవాలె," అంది సత్తెమ్మ కోడలి చెంప తుడుస్తూ. "రెండేండ్లు టైమున్నదన్నడు గద ఆ సారు. బండి తియ్యి. స్టేషన్ దిక్కు ఇంకొకటి ఉన్నదంట, పొద్దు గూకకముందే చూసొద్దాం. ఈసారి వంటింట్లకు ముందుగాల నువ్వు పో."

స్వీటీ కళ్లు తుడుచుకుని స్కూటీ తాళం తిప్పింది. సత్తెమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకుని వెనక ఎక్కి, కోడలి భుజం గట్టిగా పట్టుకుంది.